పెంపుడు కుక్క సాటి కుక్కల మీద ఉన్నట్టుండి కలబడితే

ఏడేళ్లుగా మా ఇంట పెరుగుతున్న కుక్క ఒకనాటి సాయంత్రం మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో పొరుగింటివారి చిన్న కుక్క మెడ పట్టుకొన్నది. రెండూ ఒకదానినొకటి బాగా ఎరిగినవే. మూడేళ్లుగా ప్రతిదినమూ ఎదురుపడి, వాసన చూసుకొని, తోకలాడించి తమ దారిన తాము పోయేవి. ఆనాడు కూడ చిన్న కుక్క ఎప్పటివలెనే దగ్గరకు వచ్చి మా కుక్క మూతిని నాకబోయింది. మరుక్షణం అరుపులు, రక్తం. విడదీయబోయిన నా కుడిచేతి చూపుడువేలికి రెండు గాట్లు. మరునాటికి అపార్ట్‌మెంట్ సంఘం నుంచి ఒక ఉత్తరమూ, ఒక శ్రేయోభిలాషి నుంచి ఒక సలహా వచ్చాయి. కుక్కను ఇక్కడి నుంచి పంపివేయవలసినదని ఉత్తరం. ‘మీ ఊరు మదనపల్లె దగ్గరే కదా, తీసుకెళ్లి పొలాల్లో వదిలేసి రండి’ అని సలహా.

ఆ రెండింటిలో దేనినీ పాటించకుండా ఆ తరువాత ఐదు నెలల్లో మేము తెలుసుకొన్నదీ, చేసినదీ ఈ వ్యాసానికి ఆధారం. అనంతపురం, చిత్తూరు, కర్నూలు ప్రాంతాల నుంచి ఉద్యోగాలకై బెంగళూరుకు వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబాలలో కుక్కలను పెంచేవారు చాలామంది ఉన్నారు. వారిలో కొందరికైనా ఇటువంటి సాయంత్రం ఒకటి ఎదురై ఉంటుంది, లేదా ఎదురుకావచ్చు.

ఈ సంచిక కోసం వచ్చిన కన్నడ ముసాయిదాలో ఇటువంటి కుక్కను ‘ఆక్రమణకారి నాయి’ అన్నారు. కన్నడంలో ఆక్రమణ అంటే దాడి. ఆ మాటను యథాతథంగా తెలుగులోకి తెస్తే మన పాఠకులు రాజకాలువ మీద ఇల్లు కట్టిన కుక్కను ఊహించుకొంటారు. పురపాలక కార్యాలయంలో మాకు ఆక్రమణ అనగానే మనసులో మెదిలేది అదే. కనుక ఇక్కడ ‘కలబడటం’, ‘దూకుడు’ అనే మాటలు వాడుతున్నాను.

మొదట పరిశీలించవలసినది ‘ఉన్నట్టుండి’ అనే మాట. కుక్క తన అసౌకర్యాన్ని చాలా ముందుగానే చెబుతుంది. ఎదుటి కుక్కను చూసి నోరు మూసుకొని బిగుసుకుపోవడం, ముఖం పక్కకు తిప్పి కంటి తెల్లగుడ్డు కనిపించేలా ఓరగా చూడటం, ఆకలి లేకున్నా పెదవులు నాకుకోవడం, నిద్ర లేకున్నా ఆవులించడం, తోకను నిటారుగా నిలిపి కదలనీయకపోవడం, చివరకు గుర్రుమనడం. ఇవన్నీ ‘నా జోలికి రాకు’ అని చెప్పే తీరులు. మనం వీటిని గమనించకపోవచ్చు, గమనించినా పట్టించుకోకపోవచ్చు. అన్నింటికంటె హానికరమైనది గుర్రుమన్నప్పుడల్లా కొట్టడం. దెబ్బకు భయపడి కుక్క గుర్రుమనడం మానుతుంది, కాని లోపలి భయమో బాధో మానదు. ఆపైన అది హెచ్చరిక లేకుండా కరిచే కుక్క అవుతుంది. ‘కుక్కకాటుకు చెప్పుదెబ్బ’ అనే సామెత మనుషుల వ్యవహారాలలో ఎంత చెల్లుబాటు అవుతుందో గాని కుక్కల విషయంలో మాత్రం చెల్లదు. ‘మొరిగే కుక్క కరవదు’ అనే సామెతనూ నమ్మవద్దు. మొరిగే కుక్క కరవడం నేను కళ్లారా చూశాను.

మా కుక్క సంగతి చెబుతాను. ఆ సంఘటనకు మూడు వారాల ముందు నుంచే అది ఎముకను నోట కరచుకొని పోయి కొరకకుండా వదిలేయసాగింది. అన్నం ఒక పక్కనే నమిలేది. ఎడమ చెంప నిమరబోతే తల తిప్పుకొనేది. వయసు మీద పడుతున్నదనుకొన్నాం. పశువైద్యుడు మత్తుమందు ఇచ్చి నోరు తెరిచి చూస్తే పై దవడలో నమలడానికి ఉపయోగపడే పెద్ద పన్ను ఒకటి నిలువునా పగిలి, దాని కింద చీము పట్టి ఉన్నది. గట్టి ఎముకలు కొరికే కుక్కలలో ఇది తరచుగా కనిపించేదేనని ఆయన చెప్పారు. ఆ ఎముకలు వేసింది మేమే. ఆ సాయంత్రం చిన్న కుక్క స్నేహంగా నాకబోయింది ఆ చెంపనే.

కనుక మంచి నడతగల కుక్క, ముఖ్యంగా నడివయసు దాటినది, అకస్మాత్తుగా సాటి కుక్కలను సహించకపోతే మొదట వెళ్లవలసినది శిక్షకుని వద్దకు కాదు, పశువైద్యుని వద్దకు. నొప్పి దాగి ఉండే చోట్లు చాలా ఉన్నాయి. చెవిలో చీము, పంటి బాధ, తుంటి కీలు అరుగుదల, వెన్నునొప్పి, గోళ్ల మధ్య పుండు. మన ప్రాంతాలలో మరచిపోకూడని మరొకటి పిడుదుల ద్వారా వ్యాపించే జ్వరం. అది సోకిన కుక్కకు కీళ్లనొప్పులు, నీరసం వచ్చి ఎవరు తాకినా చిరాకు పడుతుంది. రక్తపరీక్షలో తెలుస్తుంది, మందుకు లొంగుతుంది. చూపు, వినికిడి తగ్గిన ముసలి కుక్కకు ఎదుటి కుక్క దగ్గరకు వచ్చేదాకా తెలియదు. తెలిసేసరికి ఉలికిపడి కరుస్తుంది. థైరాయిడ్ గ్రంథి మందగించినా నడతలో మార్పు రావచ్చు గనుక వైద్యుడు ఆ పరీక్ష కూడ చేయించమనవచ్చు.

నొప్పి ఉన్నదని అనుమానం కలిగితే మన ఇంట్లోని మాత్రలు మాత్రం వేయకండి. మనుషులు వాడే ఐబుప్రొఫెన్, పారాసిటమాల్ కుక్కలకు విషంగా పరిణమించగలవు.

వైద్యుని ముందు చెప్పవలసిన మాటలు కొత్తగా వచ్చినవారికి కన్నడంలో ఇలా ఉంటాయి. నొప్పిని ‘నోవు’ అంటారు, చెవిని ‘కివి’ అంటారు, పన్నును ‘హల్లు’ అంటారు. మనకు హల్లు అంటే ‘క’ మొదలైన అక్షరం గనుక తొలిసారి విన్నప్పుడు నేను కొంత తికమకపడ్డాను. ‘హల్లు నోవు’ అంటే పంటినొప్పి. హెబ్బాళలో ప్రభుత్వ పశువైద్య కళాశాలకు అనుబంధంగా ఆసుపత్రి ఉన్నది. ప్రైవేటు వైద్యం భారమనుకొనేవారు అక్కడ విచారించవచ్చు. వెళ్లేముందు నాలుగైదు రోజుల పాటు కుక్క తినే తీరు, నడిచే తీరు, మెట్లెక్కే తీరు ఫోనులో వీడియో తీసి పెట్టుకొంటే మేలు. ఆసుపత్రిలో భయంతో బిగుసుకొన్న కుక్క తన నొప్పిని బయటపెట్టదు.

రేబిస్ సంగతి వేరుగా చెప్పాలి. టీకా వేయని కుక్క లేదా టీకా గడువు దాటిన కుక్క నడత ఒక్కసారిగా మారితే దానిని తేలికగా తీసుకోరాదు. కారణం లేకుండా కనబడిన ప్రతిదానినీ కరవడం, గొంతు మారడం, చొంగ కారడం, మింగలేకపోవడం, కింది దవడ వేలాడటం, చీకటి మూలల్లో నక్కడం, ఎటో పోవడం ఆ వ్యాధి లక్షణాలు. అన్నీ ఒక్కసారే కనిపించవు. దూకుడు లేకుండా మందకొడిగా, పక్షవాతం వచ్చినట్లు పడి ఉండే రేబిస్ కూడ ఉన్నది. అటువంటి కుక్క నోటిలో ఎముక ఇరుక్కొన్నదనుకొని చేయి పెట్టడం చాలా ప్రమాదం. అనుమానం ఉంటే కుక్కను ఒక గదిలో ఉంచి, తలుపు మూసి, ఎవరినీ తాకనీయక పశువైద్యునికి కబురు చేయాలి. లక్షణాలు బయటపడిన తరువాత ఈ వ్యాధికి చికిత్స లేదు. ఏటా వేయించే టీకా దీనిని పూర్తిగా నివారించగలదు.

వైద్యుడు పరీక్షించి శరీరంలో లోపమేమీ లేదంటే అప్పుడు వయసునూ పరిసరాలనూ చూడాలి. ఏడాది నుంచి మూడేళ్ల మధ్య కుక్క పూర్తిగా పెద్దదవుతుంది. పిల్లగా ఉన్నప్పుడు ఏ కుక్కతోనైనా ఆడుకొన్నది ఈ వయసులో కొన్నింటినే ఇష్టపడుతుంది. ఇది చెడునడత కాదు, పెరగడం. ఎదకు వచ్చిన ఆడకుక్క దగ్గరలో ఉంటే మగవి పోట్లాడుకొంటాయి. ఒకే ఇంట ఉన్న రెండు ఆడకుక్కల మధ్య మొదలైన వైరం ఒక్కొక్కసారి మగకుక్కల పోట్లాటకంటె తీవ్రంగా ఉంటుంది. కుటుంబ నియంత్రణ శస్త్రచికిత్స ఎదతో ముడిపడిన పోట్లాటలను తగ్గిస్తుంది గాని భయం వల్ల కలిగే దూకుడును తగ్గిస్తుందని చెప్పలేం.

ఇక నగరం. ఊళ్లో కుక్కకు మెడన తాడు ఉండదు. ఇష్టంలేని కుక్క ఎదురైతే అర్ధచంద్రాకారంగా చుట్టు తిరిగి పోతుంది. కుక్కల మర్యాద అది. ఇక్కడ మనం దానిని నాలుగడుగుల గొలుసుతో పట్టుకొని, ఇరుకు రోడ్డు మీద, రెండు వరుసల బండ్ల నడుమ, సూటిగా ముఖాముఖి నడిపిస్తాం. కుక్కల భాషలో ముఖాముఖి నడవడమంటే సవాలు చేయడం. తప్పించుకొనే దారి లేనప్పుడు కుక్క ముందుగా తానే మీద పడుతుంది. పైగా దూరాన మరో కుక్కను చూడగానే మన చేయి తెలియకుండానే గొలుసును బిగిస్తుంది. కొన్నాళ్లకు మెడ బిగుసుకొంటే పోట్లాట రాబోతున్నదని కుక్క నేర్చుకొంటుంది. లిఫ్టు ఇంకా కష్టం. తలుపు తెరుచుకొనే క్షణంలో రెండు కుక్కల మధ్య ఉన్నది రెండడుగులే.

వీధికుక్కల సంగతి వేరు. ఒక్కొక్క గుంపుకు ఒక్కొక్క వీధి. దానిని దాటే పెంపుడు కుక్క వాటికి పరాయిది. ఒకసారి గుంపు మీద పడితే మన కుక్క ఆ తరువాత కనబడిన ప్రతి కుక్కనూ శత్రువుగానే చూస్తుంది. వీధికుక్కలకు అన్నం పెట్టేవారికి ఇక్కడ ఒక మనవి. 2023 నాటి జంతు జనన నియంత్రణ నియమాలు ఆ పనిని నిషేధించలేదు. కాని అన్నం పెట్టే చోటు రాకపోకల ద్వారాలకూ, మెట్లకూ, పిల్లలు ఆడుకొనే స్థలాలకూ దూరంగా ఉండాలన్నాయి. గుమ్మం ముందు పెడితే కుక్కలు గుమ్మాన్నే కాపలా కాస్తాయి. ఆ దారిన పోయే ప్రతి పెంపుడు కుక్కకూ పోట్లాట తప్పదు.

కుక్కలు కలబడినప్పుడు నడుమ చేయి పెట్టరాదు. నా వేలికైన గాట్లు మా కుక్క చేసినవో పొరుగు కుక్క చేసినవో నాకు ఇప్పటికీ తెలియదు. ఆ ఉద్రేకంలో ఎవరి చేయి అనే ఎరుక వాటికి ఉండదు. ఒక బకెట్టు నీళ్లు గుమ్మరించడం, దుప్పటి కప్పడం, రెండింటి నడుమ అట్టనో కుర్చీనో దూర్చడం, పళ్లెం నేలకు కొట్టి పెద్ద చప్పుడు చేయడం మేలు. కేకలు వేస్తూ కొడితే పోట్లాట పెరుగుతుందే గాని తగ్గదు. విడిపోయిన వెంటనే రెండింటినీ ఒకదానికొకటి కనబడని చోటుకు తీసుకుపోవాలి. ఆ తరువాత బొచ్చు తొలగించి గాయాలు వెతకాలి. పంటి గాటు పైకి సూది గుచ్చినంతే కనబడినా లోపల కండ చీలి ఉండవచ్చు. మెడ, రొమ్ము, పొట్టల మీద గాటు ఉంటే ఆ రాత్రే వైద్యునికి చూపించాలి. పొరుగువారి చిన్న కుక్కకు అలాగే పైకి చిన్నగా కనబడిన గాయం లోపల లోతుగా ఉండి ఆరు కుట్లు పడ్డాయి.

మనిషికి గాటు పడితే కుళాయి ధార కింద సబ్బుతో పదిహేను నిమిషాలు కడగాలి. పసుపు, సున్నం, కారం, నూనె ఏదీ పూయరాదు. మన ఊళ్లలో కుక్కకాటుకు పసరు పోసే అలవాటు ఇప్పటికీ ఉన్నది. పసరు రేబిస్‌ను ఆపలేదు. కరిచింది సొంత కుక్కయినా, దానికి టీకా ఉన్నా, అదే రోజు ఆసుపత్రికి పోవాలి. చర్మంలోకి ఇచ్చే టీకా పద్ధతిలో మొదటి రోజు, ఆపై 3, 7, 28వ రోజులలో సూదులు ఉంటాయి. రక్తం వచ్చిన గాయమైతే వైద్యుడు ఇమ్యూనోగ్లోబులిన్ కూడ ఇస్తాడు. కరిచిన కుక్కను పది రోజులు కనిపెట్టి ఉండాలి, కాని ఆ పది రోజులు గడిచేదాకా మన టీకా ఆపి కూర్చోరాదు.

మా కుక్కకు పన్ను తీసేశారు. రెండు వారాలలో అది మళ్లీ రెండు పక్కలా నమలసాగింది. ఇంతటితో కథ ముగిసిందనుకొన్నాం. ముగియలేదు. నొప్పి పోయినా ఎదుటి కుక్క వస్తే నొప్పి కలుగుతుందన్న జ్ఞాపకం పోలేదు. దానిని మరపించడానికి మిగిలిన నెలలు పట్టాయి.

పద్ధతి సులభమే, ఓపికే కష్టం. మరో కుక్కను చూసి కూడ మన కుక్క బిగుసుకోకుండా, మనం ఇచ్చినది తినగలిగే దూరం ఎంతో ముందు కనుక్కోవాలి. మాకు అది తొలుత అరవై అడుగులు. ఆ దూరాన మరో కుక్క కనబడగానే ఉడికించిన గుడ్డు ముక్కలో, కోడిమాంసపు తునకలో వరుసగా ఇవ్వాలి. ఆ కుక్క కనుమరుగు కాగానే ఇవ్వడం ఆపాలి. మరో కుక్క వస్తే మంచి తిండి వస్తుందనే లెక్క దాని మనసులో కుదరాలి. శాకాహారులు పనీరు వాడవచ్చు. కిస్‌మిస్, ద్రాక్ష, చాక్లెట్, ఉల్లిపాయ కుక్కకు విషతుల్యం గనుక ఇవ్వరాదు. వారానికి అడుగో రెండడుగులో దూరం తగ్గించుకొంటూ పోవాలి. తినడం మానిందంటే దగ్గరకు పోయామని అర్థం. వెనక్కు రావాలి. రోజుకు ఐదు నిమిషాలు చాలు. ఒక పోట్లాట జరిగితే తిరిగి మొదటికి రావలసి వస్తుంది. బాణసంచా కాల్చే దీపావళి వారంలో మేము సాధన పూర్తిగా మానివేశాం. చప్పుళ్లకు బెదిరి ఉన్న కుక్క ఏమీ నేర్చుకోదు.

ఈలోగా పోట్లాట జరగకుండా చూసుకోవాలి. మేము లిఫ్టు మాని మెట్లు వాడాం. వీధికుక్కలు ఉషారుగా తిరిగే తెల్లవారుజామును వదిలి, అవి కునుకు తీసే పొద్దెక్కిన వేళ నడిపించాం. వేసవిలో తారురోడ్డు మీద అరచేయి ఐదు క్షణాలు ఆనించి చూసి, కాలితే కుక్కను దింపకండి. మెడపట్టీకి బదులు రొమ్ముకు తొడిగే హార్నెస్ మేలు. ముళ్ల గొలుసులు, బిగుసుకొనే ఉచ్చులు వద్దు. మరో కుక్కను చూసినప్పుడల్లా మెడకు నొప్పి కలిగితే మనం నేర్పుతున్నది మరపు కాదు, పగ.

నోటికి తొడిగేదానికి తెలుగు మాట కోసం కొంత వెతికాను. వెతకనవసరం లేకపోయింది. కళ్లంలో ఎడ్లు గడ్డి మేయకుండా మూతికి కట్టే చిక్కం మనకు ఉండనే ఉన్నది. కుక్కకు కావలసిన చిక్కం కూడ అటువంటి బుట్టవంటిదే. అందులో అది నోరు తెరిచి ఒగర్చగలగాలి, నీళ్లు తాగగలగాలి. నోటిని గట్టిగా మూసి కట్టే గుడ్డపట్టీలు వైద్యుని బల్ల మీద కొద్ది నిమిషాలకు తప్ప పనికిరావు. ఒగర్చలేని కుక్కకు ఎండదెబ్బ తగులుతుంది. చిక్కంలో తిండి పెట్టి, దానంతట అదే మూతి దూర్చేలా వారం పది రోజులు అలవాటు చేయాలి. బలవంతంగా తొడిగితే దానిని చూడగానే పారిపోతుంది.

చట్టం మాటకు వస్తే రెండు వైపులా బాధ్యత ఉన్నది. భారత జంతు సంక్షేమ మండలి 2015లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం అపార్ట్‌మెంట్ సంఘం మెజారిటీతో తీర్మానించినా కుక్కను పెంచుకోవడాన్ని నిషేధించజాలదు. మరోవైపు, తన జంతువు వల్ల మనుషుల ప్రాణానికి గాని తీవ్రమైన గాయానికి గాని ముప్పు ఉన్నప్పుడు తగిన జాగ్రత్త తీసుకోని యజమానికి భారతీయ న్యాయ సంహిత 291వ సెక్షన్ ప్రకారం ఆరు నెలల వరకు జైలు గాని, 5,000 రూపాయల వరకు జరిమానా గాని, రెండూ గాని పడవచ్చు. పొలాల్లో వదిలేయమన్న సలహా కూడ చట్టవిరుద్ధమే. ఆకలిదప్పులకు గురయ్యేలా జంతువును విడిచిపెట్టడం 1960 నాటి జంతు హింసా నివారణ చట్టం కింద నేరం. గిన్నెలో అన్నం తిని పెరిగిన కుక్క ఊరి పొలిమేరలో పరాయి గుంపు మధ్య ఎన్నాళ్లు బతుకుతుందో ఆ సలహా ఇచ్చినవారు ఆలోచించి ఉండరు.

పొరుగువారి కుక్క వైద్యానికైన ఖర్చు మేము అడగకుండానే ఇచ్చాం. సంఘానికి వైద్యుని పత్రం, టీకా పత్రం, మేము పాటించబోయే నియమాలు ఒక కాగితం మీద రాసి ఇచ్చాం. మెట్లు వాడతామనీ, ఉమ్మడి స్థలాలలో చిక్కం తొడుగుతామనీ, పెద్దవారు తప్ప పిల్లలెవ్వరూ కుక్కను పట్టుకోరనీ. మౌఖికంగా చెప్పిన క్షమాపణకంటె ఆ కాగితమే సంఘంవారిని నెమ్మదింపజేసింది. మూడు నెలల తరువాత చూద్దామన్నారు. ఆ మూడు నెలలు దాటి చాలా కాలమైంది. ఇప్పుడు రెండు కుక్కలూ పదిహేనడుగుల దూరాన ఒకే దిక్కుకు పక్కపక్కగా నడుస్తాయి. అంతకంటె దగ్గరకు మేము తీసుకుపోవడం లేదు. చిన్న కుక్క ఇప్పటికీ మమ్మల్ని చూసి తోక ఊపుతుంది. మాది ఒకసారి అటు చూసి, గుడ్డుముక్క కోసం నా చేతి వైపు తిరుగుతుంది.